దొరసాని ఎక్కిన బస్సు

దసరా నాడు గడీ అరుగు మీద కుర్చీ వేసుకుని దొర కూర్చుంటే, ఊరంతా వచ్చి ఆయన చేతిలో జమ్మి పెట్టి, కాళ్లు మొక్కి పోవాలి. దొర పోయాక ఆ కుర్చీ ఒక్కగానొక్క బిడ్డ శకుంతలకు వచ్చింది. పంతొమ్మిది వందల డెబ్బై నాలుగు దసరాకు ఆమె కూర్చోనంది. ఫోటో కోసం వరంగల్ నుంచి వచ్చిన పత్రికాయన బతిమాలితే, “నేనేమన్న ఉత్సవ విగ్రహాన్నా? పో” అని తలుపేసుకుంది. పండుగ వెళ్లగానే మానుకోట బడిలో పంతులమ్మగా చేరింది.

తమ ఊరు దంతాలపల్లిలో ఆమె బస్సెక్కగానే లోపలున్న వాళ్లంతా లేచి నిలబడ్డారు.

“మీరు కూసుంటెనే నేను కూసుంట,” అంది శకుంతల.

ఎవరూ కూర్చోలేదు. తాతల నాటి భయం ఒక్క మాటకు పోతుందా? ఆమె మొండితనం కూడా గడీదే మరి. సీట్లన్నీ ఖాళీగా పెట్టుకుని బస్సంతా మానుకోట దాకా నిలబడే పోయింది. మర్నాడూ అదే తంతు.

చివరికి గాజులమ్మే ఖాజాబీ గంప దించి సీట్లో కూలబడింది.

“నీ పంతం నీది దొరసానీ, నా మోకాళ్లు నాయి.”

శకుంతల వెళ్లి ఆమె పక్కన కూర్చుంది. తర్వాత ఒక్కొక్కరే కూర్చున్నారు. ఎండాకాలానికల్లా, “జర జరుగక్కా” అని ఆమెను నెట్టుకుంటూ ఎక్కడం మొదలైంది.

మళ్లీ దసరా ముందు పత్రికాయన కెమెరాతో వచ్చి, దొరసాని ఎక్కడని బస్సు దగ్గర అడిగాడు.

“దొరసాని లేదు, గిరసాని లేదు,” అంది ఖాజాబీ. “మా శకుంతలక్కయితే లోపలున్నది. టికెట్ కొనుక్కొని ఎక్కు. సీటు మాత్రం దొరకది.”