బాయిలర్ పక్కన పెట్టొద్దండీ

నిన్న కంకిపాడు దాటుతుంటే బస్సు కిటికీలోంచి వేడి తవుడు వాసన కొట్టింది. ఆ వాసనకు ఆకలేసేవాళ్లుంటారు. నాకు మాత్రం చెవులు వేడెక్కుతాయి, ఎస్తేరు గారు గుర్తొస్తారు.

గవర్నర్‌పేటలో మా నాన్న స్టీలు సామాన్ల కొట్టుకు పై అంతస్తులో ఆవిడ చిన్న సెన్సార్ల వర్క్‌షాపు నడిపేవారు. ఫిజిక్సు లెక్చరర్ ఉద్యోగం మానేసి మరీ పెట్టుకున్నారు. అద్దె దగ్గర నేనాడిన బేరం చూసి, "నీ నోరు నాకు కావాలి శ్రీనూ" అని అమ్మకాల పనిలోకి తీసుకున్నారు. మొదటిరోజే గోరంత చిప్పు నా అరచేతిలో పెట్టి, అందులో కంటికి ఆననంత పల్చటి అయస్కాంత పొరలు ఉన్నాయనీ, వాటి మధ్య రాగి పొర ఉంటుందనీ చెప్పారు. ఆ పొరల అయస్కాంతత్వం ఒకే దిక్కుకు ఉంటే కరెంటు సులువుగా పోతుంది, ఎదురుబొదురుగా ఉంటే అడ్డు పెరుగుతుంది. తిరిగే ఇరుసుకు చిన్న అయస్కాంతం అతికిస్తే, అది దగ్గరికొచ్చినప్పుడల్లా ఆ అడ్డు మారుతుంది. దాన్నిబట్టి ఇరుసు తిరుగుతోందో ఆగిందో తెలుస్తుంది.

"అర్థమైందా?"

"ఎంతకమ్మాలో చెప్పండి మేడం, మిగతాది అదే అర్థమవుతుంది."

ఆవిడ నవ్వేశారు.

కంకిపాడు దగ్గర బియ్యం మిల్లు యజమాని వెంకట్రావు గారు మమ్మల్ని పిలిపించారు. ముందటేడు ధాన్యం పైకెత్తే బెల్టు జారి, రాపిడికి వేడెక్కి, తవుడు అంటుకుంది. ఒక కూలీ చెయ్యి కాలింది. బెల్టు జారగానే మోటారు ఆపేసే సెన్సారు కావాలన్నారు. ఆ బెల్టుతో తిరిగే ఇరుసేమో బాయిలర్ గోడను ఆనుకుని ఉంది. వేడికి మా చిప్పు సిగ్నలు పడిపోతుందని నాకు తెలుసు. ఎస్తేరు గారు ఆ పరీక్ష నా కళ్లముందే చేశారు. అయినా, "పక్కనేం ఖర్మండీ, బాయిలర్లో పడేసినా పనిచేస్తుంది" అన్నాను. వెంకట్రావు గారు ధర దగ్గర మెత్తబడ్డారు. టీ తెప్పించారు.

ఎస్తేరు గారు గ్లాసు కింద పెట్టారు.

"బాయిలర్ పక్కన పెట్టొద్దండీ. ఆ వేడికి ఇది తిరుగుతున్నా ఆగిందంటుంది. ఊరికే మోటారు ఆగిపోతుంటే మీవాళ్లు విసుగొచ్చి వైరు పీకేస్తారు. అప్పుడు నిజంగా బెల్టు జారితే?"

ఆయన నా వైపు తిరిగారు. "ఏమయ్యా, నీకు తెలీదా ఈ సంగతి?"

"కొంచెం తెలుసండీ."

"కొంచెమంటే, దాచిపెట్టేంతా?"

పక్కనున్న గుమాస్తా కిసుక్కున నవ్వాడు. నా టీ అలాగే చల్లారిపోయింది. మళ్లీ చూద్దామని చెప్పి ఆయన మమ్మల్ని పంపేశారు.

తిరుగు బస్సులో, ఉద్యోగం పోతుందేమోనని సమాధానాలు కూడబెట్టుకుంటున్నాను. ఆవిడ నెమ్మదిగా అన్నారు: "నలుగురిలో నిన్ను తక్కువ చేశాను శ్రీనూ. ముందే పక్కకు పిలిచి మాట్లాడాల్సింది. ఏమనుకోకు."

తప్పు నాదని అప్పుడైనా అనాల్సింది. కానీ ఎదుటివాళ్లు దిగొచ్చినప్పుడు మారుమాట్లాడకుండా పుచ్చుకోవడం నాకు కొట్లో ఒంటబట్టిన విద్య. పెద్దమనిషి తరహాలో, "పర్లేదు మేడం" అన్నాను. మనుషుల్ని కాల్చగల అబద్ధం చెప్పి, దాన్ని ఆపినందుకు ఆవిణ్ణి నేను క్షమించాను.

ఆవిడ ఇప్పుడు లేరు. ఆ వర్క్‌షాపు సెన్సార్లే నేనింకా అమ్ముతున్నాను. ఎక్కడ పెట్టకూడదో చెప్పాకే ధర చెబుతాను. ఇంత నిజాయితీగా చెప్పేవాణ్ణి చూడలేదని కొనేవాళ్లు మెచ్చుకుంటారు. "పర్లేదండీ" అనబోతాను. ఆ మాట నోట్లోనే ఆగిపోతుంది.