గుర్రాలాయన ఏమైండు?

నిజామాబాదులో మా వాడ ఆడవాళ్లు బీడీలు చుడుతుంటే, నేను మాసపత్రికలోని బొమ్మల సీరియల్ చదివి వినిపించేవాణ్ని. చదివినందుకు తలా కొన్ని బీడీలు మా అమ్మ చాటలో వేసేవారు. పక్కింటి అవ్వ మాత్రం ప్రతి నెలా ఒకే మాటతో అడ్డొచ్చేది. "గా గుర్రాలాయన ఏమైండు?"

రాజకుమారుడు గుహలో దూరినప్పటి నుంచీ ఆ గుర్రాలాయన బయటే ఉన్నాడు. కథలో అతనికి మూడే పనులు: జీను కట్టడం, గడ్డి వేయడం, ఎదురుచూడడం.

"రాజకుమారుని సంగతి ఇనవా అవ్వా?" అన్నాను.

"ఆనికేందిరా, కథ రాసెటోడే ఆని దిక్కున్నడు. ఈనికెవలున్నరు?"

ఆఖరి భాగంలో రాజకుమారుడి పెళ్లి వచ్చింది, గుర్రాలాయన ఊసే లేదు. అవ్వ చేతులు ఆగిపోయాయి. నేను బొమ్మంతా వెతికాను. ఊరేగింపు చివర, గుర్రం వెనుక, సగం తలపాగా కనిపిస్తే వేలు పెట్టి చూపించాను.

అవ్వ కళ్లు చికిలించి చూసి, ఇంకో ఆకు అందుకుంది.

"బతికిండు. ఇగ పెండ్లి సదువు బిడ్డా."