కుంకుమ పడిన ఫ్లాపీ

మొన్న ఆయుధపూజనాడు మా అల్లుడు తన ల్యాప్‌టాప్‌ను మెత్తని గుడ్డతో తుడిచి, పీట మీద పెట్టి, గంధం గిన్నె నా ముందుంచి, పెద్దవారు, మొదటి బొట్టు మీ చేత్తో పెట్టండి మామయ్యా అన్నాడు. అతనిది గుంటూరు వైపు. ఉద్యోగానికి హోసూరు వచ్చి ఆరేళ్ళయింది. ఈ ఊళ్ళో కంప్యూటరన్న మాట వినబడిన నాటి నుంచీ నేను దాని వెంట పడ్డవాణ్ణని ఎవరో చెప్పి ఉంటారు, అందుకే ఆ మర్యాద. గంధంలో వేలైతే ముంచాను గానీ అది ముందుకు సాగలేదు. నువ్వే పెట్టు నాయనా అని చెప్పి, వేలు తువ్వాలుకు తుడుచుకుని వరండాలోకి వచ్చి కూర్చున్నాను. ముప్పై ఏళ్ళకు పైగా ఆ రోజున నేను ఏ వస్తువుకూ బొట్టు పెట్టడం లేదని మా ఆవిడ గమనించకుండా ఉండదు, కానీ ఎందుకని ఎప్పుడూ అడగలేదు. అడగలేదు కదా అని నేనూ చెప్పలేదు. ఇన్నాళ్ళకు మీతో చెప్పుకుంటున్నాను.

మీలో నా ఈడు వాళ్ళకు ఆ రోజుల కంప్యూటరు గుర్తుండే ఉంటుంది. పాతకాలపు టీవీ లాంటి పెట్టె, నల్లటి తెర, దాని మీద పచ్చటి అక్షరాలు, అంతే. మాది హోసూరు బజారులో బట్టల కొట్టు. నాన్న నన్ను కొట్లో కూర్చోబెట్టాలని చూస్తే, నేను టైపు ఇన్‌స్టిట్యూటు మేడ మీద కొత్తగా పెట్టిన ఒకే ఒక్క కంప్యూటరు ముందు నా వంతు గంట కోసం పొద్దున్నే వెళ్ళి మెట్ల మీద కాచుకునేవాణ్ణి. ఆ పెట్టె నీకు కూడు పెడుతుందేమో చూస్తాంలే అని నాన్న ఎగతాళి చేసేవాడు. తీరా అది కూడే పెట్టింది. ఊరి బయట ఇనుప విడిభాగాలు చేసే ఒక ఫ్యాక్టరీవాళ్ళు కంప్యూటరు కొని, దాన్ని నడిపేవాడు కావాలని వెతుకుతుంటే ఆ ఉద్యోగం నాకు దొరికింది.

ఆ ఫ్యాక్టరీ మొత్తంలో ఏసీ ఉన్నది నా గదికొక్కదానికే. మేనేజరైనా సరే చెప్పులు బయట విడిచి లోపలికి రావాలి. ఆ నియమం పెట్టింది నేనే, దాన్ని నడిపిస్తున్నప్పుడు నాకు కలిగిన గర్వం తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. ఇప్పటిలా అంతా కంప్యూటరు లోపలే దాచుకునే వీలు మా యంత్రానికి లేదు, రాసిందంతా ఫ్లాపీల్లోనే ఉండేది. అరచేతికన్నా కాస్త పెద్దగా, నల్లగా, పలచగా ఉండే ఆ ఫ్లాపీకి ఒక చోట సందు ఉండి, అందులోంచి లోపలి గోధుమరంగు బిళ్ళ కనబడేది. మన రాతంతా ఆ బిళ్ళ మీదే కాబట్టి అక్కడ వేలి చెమట తగిలినా ప్రమాదమే. యంత్రానికి రెండు నోళ్ళు, పై నోట్లో ప్రోగ్రాము ఫ్లాపీ, కింది నోట్లో మనం రాసుకునే ఫ్లాపీ. చదివేటప్పుడు అది చేసే గురగుర శబ్దాన్ని నేను కళ్ళు మూసుకుని వినేవాణ్ణి. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టుగా ఉండేది నా వరస.

మా ఫ్యాక్టరీలో సగానికి పైగా కాంట్రాక్టు కూలీలు. తళి, జవళగిరి వైపు పల్లెల నుంచి మొదటి బస్సుకు వచ్చేవాళ్ళు. వాళ్ళకు కార్డు లేదు, కాగితం లేదు, మేస్త్రీ పొడుగాటి నోటుబుక్కులో రాసుకునే హాజరే వాళ్ళ ఉద్యోగానికి ఆధారం. మేస్త్రీకి కోపం వస్తే వచ్చినవాడి పేరు కూడా కొట్టేసేవాడు. ఆ హాజరు కంప్యూటరులోకి ఎక్కించాలని మేనేజరు వెంటపడి ఒప్పించింది నేను. కూలీల మేలు కోసమేనని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి నా యంత్రం గొప్పతనం పదిమందికీ తెలియాలన్న యావే ఎక్కువ. రోజూ పొద్దున కూలీలు నా కిటికీ దగ్గర వరసగా నిలబడి పేరు చెప్పేవాళ్ళు, నేను టైపు కొట్టేవాణ్ణి. ఇంక ఆ నోటుబుక్కు దండగ సార్ అని దాన్ని కూడా నేనే మానిపించాను. నెలాఖరున అచ్చు తీసిన కాగితాలు నేరుగా కాంట్రాక్టరు చేతికి పోయేవి.

ఆ వరసలో జవళగిరి అన్న అని ఒకాయన ఉండేవాడు. నాకంటే పదేళ్ళు పెద్ద, ప్రెస్సు మిషను మీద పని. చదువు రాదు. మేస్త్రీ ఆయన పేరు ఎన్నిసార్లు కొట్టేశాడో గానీ, హాజరు పోతుందంటే ఆయనకు ప్రాణం పోతుందన్నంత భయం. ఆయుధపూజకు ముందురోజు పొద్దున పేరు చెప్పి కదలకుండా నిలబడ్డాడు.

“ఏమప్పా, నా పేరు దీంట్లో యాడ ఉండాది?” అన్నాడు.

నేను తెరను కిటికీ వైపు తిప్పి నలభై ఏడో వరుస చూపించి, “ఈడ ఉండాది చూడన్నా” అన్నాను. ఆ పచ్చటి ఇంగ్లీషు అక్షరాలను ఆయన చాలాసేపు చూశాడు.

“మేస్త్రీ కొట్టేసేదానికి అయితాదా?”

“ఈడ ఎక్కితే ఇంక ఎవురూ చెరపలేరన్నా” అన్నాను.

ఆయన మొహంలో కనబడిన నిశ్చింత నాకు ఈనాటికీ కళ్ళముందే ఉంది.

ఆ మధ్యాహ్నం అన్ని మిషన్లూ ఆపి కిరసనాయిలు గుడ్డలతో తుడుస్తున్నారు. పూజకు ముందురోజు మా వైపు ప్రతి ఫ్యాక్టరీలోనూ జరిగే పనే. జవళగిరి అన్న ప్రెస్సు లోపల చెయ్యి పెట్టి జిడ్డు తుడుస్తుండగా అవతల ఎవరో కరెంటు వేశారు. కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది. ఆయన్ను జీపులో ఎక్కించేటప్పుడు చూశాను, అరుపు లేదు, ఏడుపు లేదు, తన చేతిని తానే ఎవరిదో అన్నట్టు చూసుకుంటున్నాడు. సాయంత్రం నేను నా గదికి వచ్చి, రోజూలాగే హాజరు ఫ్లాపీకి నకలు తీసి సొరుగులో పెట్టాను.

పూజ ఆపుతారనుకున్నాను. మిషనుకు రక్తం తగిలింది కాబట్టి ఇంకా ఘనంగా చెయ్యాలన్నారు, ఒక బూడిద గుమ్మడికాయకు బదులు మూడు కొట్టారు. నేనూ తక్కువ తినలేదు. నా ఫ్లాపీలను కవర్లలోంచి తీసి, ఇత్తడి పళ్ళెంలో తమలపాకులు పరిచినట్టు పరిచి, ఒక్కొక్కదానికి మూలన పొడిగా చిన్న బొట్టు పెట్టాను. అయ్యవారు వచ్చి, మామిడాకుతో కుంకుమ నీళ్ళు చల్లారు. ఎర్రటి చుక్క ఒకటి సరిగ్గా హాజరు ఫ్లాపీ సందులో పడడం నేను చూశాను. మేనేజరు చేతులు జోడించి కళ్ళు మూసుకుని ఉన్నాడు. అయ్యవారిని ఆపడానికి నాకు నోరు రాలేదు. పోనీ తర్వాత తుడుద్దామా అంటే, పూజలో పెట్టిన ఆయుధాన్ని మర్నాటి దాకా ముట్టకూడదు. ఎవరి మాటనైనా కాదనేవాణ్ణి గానీ, పుట్టినప్పటి నుంచీ మా కొట్లో కత్తెరకూ గజం బద్దకూ పాటించిన ఆ కట్టుబాటును దాటలేకపోయాను. తలుపు తాళం వేసి ఇంటికి పోయి బొరుగులు, బెల్లం తిన్నాను.

మర్నాడు విజయదశమి. మేనేజరు మనిషిని పంపి, ప్రమాదం జరిగిన రోజు హాజరు వెంటనే తీయమన్నాడు. ఎండి అట్టకట్టిన కుంకుమను పైపైన దులిపి ఫ్లాపీని కింది నోట్లో పెట్టాను. యంత్రం గీరుకుపోతున్న శబ్దం చేసి చదవనంది. ఫర్వాలేదు, నకలుందిగా అనుకున్నాను. ఆ తొందరలో, అలవాటు చొప్పున, దాన్ని కూడా అదే నోట్లో పెట్టాను. లోపల చదివే ముల్లుకు ఆ కుంకుమంతా అంటుకుని ఉంది. నకలు బిళ్ళ మీద సన్నటి గీత గుండ్రంగా చెక్కుకుపోయింది. పై నోట్లో పెట్టి ఉంటే బతికేది. మరకపడిన ఫ్లాపీ పెట్టిన నోట్లో ఇంకొకటి పెట్టకూడదన్నది టైపు ఇన్‌స్టిట్యూటు పిల్లలకు కూడా నేను చెప్పే మొదటి పాఠం.

ఆ మనిషి మూడు నెలలుగా మా దగ్గర పనికే రావడం లేదు, పూజ ఏర్పాట్లు చూడ్డానికి వచ్చి మిషనులో చెయ్యి పెట్టుకున్నాడు అన్నాడు కాంట్రాక్టరు. అచ్చు కాగితాలు తన దగ్గర లేవన్నాడు. తోటి కూలీలకు మర్నాటి పని అతని నోటి మాట మీదే ఉంది, వాళ్ళు తలలు వంచుకున్నారు. కంప్యూటరు మిషను చెడిపోయి హాజరు పోయిందని రాసి సంతకం పెట్టు, అంతకు మించి నీకెందుకు అని మేనేజరు నాకు చెప్పాడు. సంతకం పెట్టాను.

ఆయన పరిహారం కోసం పెట్టుకున్న అర్జీ మీద విచారణ కృష్ణగిరిలో జరిగింది. జవళగిరి అన్న కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని బల్ల మీద కూర్చున్నాడు, పక్కన ఆయన భార్య. విచారించే అధికారి మంచివాడే. మిషను సంగతి అట్లుండనీ, ఆ రోజు ఈయన పేరు ఎక్కించినట్టు నీకు గ్యాపకం ఉందా అని నన్నే సూటిగా అడిగాడు.

“దినానికి రెండు నూర్ల పేర్లు కొడతాను సార్, ఎవురిదని గ్యాపకం పెట్టుకునేది” అన్నాను.

ఉద్యోగం పోతుందని భయం. అంతకన్నా, తప్పు నా చేతిదని బయటపడితే ఆ గదిలోకి, ఆ యంత్రం ముందుకు మళ్ళీ నన్ను రానివ్వరని భయం. ఆయనకు పరిహారం దక్కలేదు.

కొన్నేళ్ళ తర్వాత హోసూరు బస్టాండులో, తళి బస్సు మీంచి పూల బుట్టలు ఎడమచేత్తో దించుతూ కనబడ్డాడు. నేను తప్పుకునేలోపే చూసి నవ్వాడు. “బాగుండావా అప్పా? ఆ పేర్ల మిషను బాగయిందా?” అన్నాడు. అయిందన్నా అన్నాను. “పోనీలే, మిషను గదా, దానికేం తెలుసు” అన్నాడు. ఆయన యంత్రాన్ని క్షమించాడు. మనిషి మీద ఆయనకు అనుమానమే రాలేదు.

ఇప్పుడు రోజులు మారాయి. ఫోను బావిలో పడ్డా ఫోటోలు పోవు, రాసింది ఎక్కడో ఆకాశంలో భద్రంగా ఉంటుందంటాడు మా అల్లుడు. అతని ఆఫీసులో కుడిచేతి వేలు ఆనిస్తేనే హాజరు పడుతుందట, ఆ మాట అతను చెప్పిన రోజు నాకు అన్నం సయించలేదు. ఆ రెండు ఫ్లాపీలూ నా ట్రంకు పెట్టెలో ఉన్నాయి, వాటిని చదివే యంత్రం ఈ చుట్టుపక్కల ఎక్కడా లేదు. అవసరమూ లేదు. నలభై ఏడో వరుస, ఆయన పేరు, తండ్రి పేరు, ఊరు జవళగిరి, వచ్చాడు. ఒక్క అక్షరం చెరగలేదు. గ్యాపకం ఉందా అని అడిగితే ఉందని ఇప్పుడు చెప్పగలను, కానీ అడిగేవాళ్ళు ఎవరూ మిగల్లేదు.