పెట్టె మేష్టరి అస్థికలు

మా చోడవరంలో ఆ కాలంలో పదిమందిలో మర్యాద దక్కాలంటే మనిషికి రెండే దార్లుండేవి. ఒకటి, బెల్లం కొట్టు ఉండాలి. రెండోది, చచ్చిపోవాలి. నాకు మొదటిది లేదు, రెండోదానికి తొందర లేదు. ఒక షావుకారు దగ్గర గుమస్తాగా బెల్లం దిమ్మలు తూకం వేయిస్తూ, తీరిక దొరికితే నాటకాలు రాసేవాణ్ణి. (బెల్లం చేతులతో రాసినందువల్ల వాటిని ముందుగా చదివినవి చీమలే.) పందొమ్మిది వందల యాభైల నాటి మాట. మీసం ఇంకా సరిగ్గా దిద్దుకోవడం రాని ఆ వయసులో ‘అస్థికాపహరణం’ అని ఒక సంగీత ప్రహసనం రాశాను. కథ చిన్నదే. పాటలు కట్టి పేరు మోసిన ఒక వాగ్గేయకారుడు పోతాడు. బతికుండగా ఆయనకి గుక్కెడు గంజి పోయని రెండు ఊళ్ళు, పోయాక మావాడంటే మావాడని, చెట్టుకి కట్టిన ఆయన అస్థికల కుండని ఒకరి దగ్గర్నుంచి ఒకరు దొంగిలించుకుంటాయి. దొంగలు పాడుకుంటూ వస్తారు, పాడుకుంటూ పారిపోతారు. జనాన్ని నవ్వించడానికి రాశాను తప్ప, జరుగుతుందని రాయలేదు.

ఆ పాటలకి బాణీలు కట్టింది పెట్టె మేష్టరు. హార్మోనియాన్ని మావైపు పెట్టె అనేవారు కాబట్టి వాయించే ఆయన పెట్టె మేష్టరయ్యాడు. వడ్డాదిలో పుట్టి, చోడవరంలో ముసలివాడయ్యాడు. భార్య పోయింది, పిల్లలు లేరు. మా షావుకారు గోదాం వెనక పాకలో ఉండేవాడు. ఇటు గోవాడ నుంచి అటు రోలుగుంట దాకా ఎక్కడ నాటకం ఆడినా శ్రుతి ఆయనది, వన్స్ మోర్ నటుడిది, మెడల్ కూడా నటుడిదే. తెర పక్కన నక్కి కూర్చునేవాడేమో, జనానికి ఆయన మోకాళ్ళు మాత్రమే కనిపించేవి. నా నాటకానికి బాణీలు కట్టమని అడిగితే ఆయన పెట్టిన షరతు ఒక్కటే.

“నాకేటీ ఒద్దు బాబూ. తెర ఎత్తీముందు ఒక్కపాలి స్టేజీ మీద నా పేరు సదివించు. ఇన్నేళ్ళనుంచి వాయిస్తన్నాను, ఒక్కడూ సదవనేదు.”

“అదెంత పని మేష్టరూ!” అన్నాను. ఆ వయసులో నాకు ఏదైనా అంత పనే.

దొంగ వేషం మా ఊరి టైలరుది. ఊరందరికీ వరసతో పనిలేకుండా అతను కత్తెర బావ. రిహార్సలు మొదలైన దగ్గర్నుంచీ, “ఒరే గుమస్తా, కుండ నేకపోతే నాకు బావం రాదురా” అని నా ప్రాణం తీశాడు. సరే అని కొత్త కుండ కొని, మూతికి తెల్లగుడ్డ కట్టి, బరువు కోసం అందులో బెల్లం ముక్కలు పోశాం. దాన్ని గోదాంలోకి తెస్తుంటే షావుకారు వీధిలోనే అడ్డం పడ్డాడు. అస్థికల కుండ గడప దాటకూడదు, ఏట్లో కలిపేదాకా బయట చెట్టుకి వేలాడాల్సిందే. నాటకం కుండండీ బాబూ అన్నా వినలేదు. “నాటకందైనా నిజందైనా నా గుమ్మంలోకి రాకూడదు. ఆ కానుగ చెట్టుకి కట్టండి” అన్నాడు. కట్టాం. కానుగ చెట్టు ఉన్నది సరిగ్గా పెట్టె మేష్టరి పాక ముందు.

ఆ మర్నాడే పెట్టె తిత్తి చిరిగిపోయి, బాగుచేయించుకురావడానికి మేష్టరు అనకాపల్లి వెళ్ళాడు. ఊళ్ళో పొద్దున్నే వినిపించే పెట్టె వినిపించలేదు. పాక తలుపు వేసి ఉంది. ఎదురుగా చెట్టుకి తెల్లగుడ్డ కట్టిన కుండ. ఇంకేముంది! రెండో రోజు మధ్యాహ్నం నేను రిహార్సలుకి వచ్చేసరికి సంతకి వచ్చినట్టు జనం. జన్మలో ఆయనకి ఒక కప్పు కాఫీ ఇప్పించని వాళ్ళంతా కండువాలతో కళ్ళు ఒత్తుకుంటున్నారు. కుండ మీదికి బారులు తీరిన చీమల్ని చూపించి ఒక ముసలమ్మ, “సూడండర్రా, పున్యాత్ముడు! సీమలు కూడా సూడ్డానికొచ్చేయి” అని శోకం పెట్టింది. నేను “అయ్యా, అది మా...” అనబోతే, పక్కాయన నన్ను గుండెకి హత్తుకుని “ఏడవకు బాబూ, మనిషన్నాక ఎప్పటికైనా పోవలసిందే” అని నా నోరు తన చొక్కాలో మూసేశాడు.

పంచాయతీ ప్రెసిడెంటు గారు కుర్చీ వేయించుకుని మాట్లాడారు. “చోడవరం కళామతల్లి నేడు గుడ్డిదైపోయింది. ఇక్కడ రాతి స్తంభం వేయించి ఆయన పేరు చెక్కిస్తాం” అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. (చావుకి చప్పట్లేమిటని ఎవరికీ తట్టలేదు.) వడ్డాది నుంచి బండి కట్టుకు వచ్చిన ఒక పెద్ద రైతు లేచి, “మీరెవులండీ? ఆడు మా ఊర్లో పుట్టిన గుంటడు. కుండ మాది, స్తంబం మేం ఏస్తాం” అని చెట్టుమీంచి కుండ దింపేశాడు. చోడవరం పట్టుకుంది. వడ్డాది లాగింది. నా నాటకంలో రెండో అంకం నా కళ్ళముందే, పాటలు లేకుండా జరిగిపోయింది. ఆ లాగులాటలో కుండ ఢామ్మని పగిలి, బెల్లం ముక్కలు ప్రెసిడెంటు గారి చెప్పుల మీద పడ్డాయి.

అప్పుడు వెనకనుంచి వినిపించింది. “పేరు సెక్కిస్తామన్నారు. ఏ పేరు సెక్కిస్తారు బాబూ?” పెట్టె మూట భుజాన పెట్టుకుని మేష్టరు నిలబడి ఉన్నాడు. ఎప్పుడు బస్సు దిగాడో, ఎంతసేపటినుంచి విన్నాడో! కళ్ళల్లో నీళ్ళున్నాయి, మొహం పెళ్ళికొడుకు మొహంలా వెలిగిపోతోంది. మేమందరం ఆయన ప్రశ్నకి పగలబడి నవ్వాం. ప్రెసిడెంటు గారు మాత్రం నవ్వలేదు. చెప్పులు దులుపుకుని, “బతికున్నవాడివి బతికున్నట్టు ఉండక ఈ వేషాలేటి నీకు?” అని కసిరి వెళ్ళిపోయారు. నవ్వు ఆగాక, అంతవరకు ఏడ్చిన వాళ్ళకి కూడా మేష్టరి మీద కోపమే వచ్చింది. తమ కన్నీళ్ళు కాజేసినట్టు చూశారు. వడ్డాది రైతైతే ఎద్దుల్ని కొడుతూ పోయాడు.

నాటకం ఆడాం. తెర ఎత్తేముందు ప్రెసిడెంటు గారే వేదికెక్కి అందరికీ కృతజ్ఞతలు చెప్పారు. పందిరి వేసినవాడికి, బెంచీలు ఇచ్చిన బడికి, పెట్రోమాక్సు లైట్లు తెచ్చిన కుర్రాడికి కూడా. మేష్టరు ఆ రోజు ఉతికిన పంచె కట్టుకుని, జుట్టుకి నూనె రాసుకుని వచ్చాడు. లైట్ల కుర్రాడి పేరు అయ్యాక ఇక తనదే అనుకుని సగం లేచాడు. “ఇక తెర ఎత్తండి” అన్నారు ప్రెసిడెంటు గారు. సగం లేచిన మనిషి మళ్ళీ కూర్చుని శ్రుతి నొక్కాడు. నాటకానికి జనం పొట్టలు చెక్కలయ్యేలా నవ్వారు. నాకు మెడల్ ఇచ్చారు. ఆ మెడల్ తీసుకెళ్ళి ఏట్లో పారెయ్యాలన్నంత మంట పుట్టింది. పారెయ్యలేదు, అది వేరే సంగతి.

ఆ తర్వాత కొన్నాళ్ళకి వచ్చిన చలికాలంలో మేష్టరు నిజంగానే పోయాడు. నేనూ కత్తెర బావా కలిసి దహనం చేయించి, ఎముకలు ఏరి, కుండకి తెల్లగుడ్డ కట్టి అదే కానుగ చెట్టుకి వేలాడదీశాం. జనం రాలేదు. వచ్చేపోయేవాళ్ళు చెట్టు వంక చూసి, “ఏటి బావా, నాటకం మళ్ళీ ఏస్తన్నారేటి?” అని నవ్వుకుంటూ పోయారు. నిజమండీ అని నేను మొత్తుకుంటే ఇంకా నవ్వారు. ప్రెసిడెంటు గారికి కబురు పెడితే, “ఒకసారి చెప్పులకి బెల్లం పూశారు, చాలు” అని జవాబు పంపారు. వడ్డాది నుంచి బండి రాలేదు. బెల్లం కోసం ఒకడు కుండని కర్రతో పొడవబోతే, కత్తెర బావ వాణ్ణి వీధి చివరిదాకా తరిమాడు. నేను రాసిన నాటకంలో అస్థికల్ని దొంగిలించడానికి రెండు ఊళ్ళు కొట్టుకున్నాయి. వీటిని ఊరికే ఇస్తామన్నా తీసుకునేవాడు లేడు.

చివరికి మేమిద్దరమే ఏటికి పట్టుకెళ్ళాం. పంతులుగారు నీళ్ళల్లో దిగి, “గోత్రం తెలియకపోతే కాశ్యప అనేస్తాను. పేరు చెప్పండి” అన్నారు. నేను బావ వైపు చూశాను. బావ నా వైపు చూశాడు. చోడవరం, వడ్డాది అంతా ఆయన్ని పెట్టె మేష్టరనే పిలిచాయి. స్టేజీ మీద చదివిస్తానని మాట ఇచ్చిన నాక్కూడా, ఏ పేరు చదివించాలో అడగాలని తోచలేదు. చివరికి బావే, “పెట్టె మేష్టరనే సదివెయ్యండి బాబూ. అదంటేనే ఆయన పలుకుతాడు” అన్నాడు. పంతులుగారు సంస్కృతంలో ఆ పేరు ఇమిడ్చి, గట్టిగానే చదివారు. బావ కుండ వదిలాడు.

ఇప్పుడు నాకు ఆయన వయసు దాటిపోయింది. వీధిలో నేను బెల్లం తాతని, ఇంట్లో ఉత్త తాతని. మొన్న మనవణ్ణి పిలిచి నా పేరేమిట్రా అంటే “తాత” అన్నాడు. కూర్చోబెట్టి ఇంటిపేరుతో సహా బట్టీ పట్టించాను. ఇప్పుడు పాలవాడు వచ్చినా, పోస్టుమాన్ వచ్చినా వాడు గడప దగ్గరే నిలబడి నా పేరు గొంతెత్తి అప్పజెబుతున్నాడు. ముసలాడికి చాదస్తం ముదిరిందని మా కోడలు నవ్వుతోంది. నవ్వనీ, నేనూ నవ్వుతున్నాను. వాణ్ణి మాత్రం ఆపడం లేదు.