తార కాలికి కట్టిన దారం

మా పూజగదిలోని ఇత్తడి విగ్రహం లక్ష్మీదేవిది కాదు. ఆమె బౌద్ధుల దేవత తార. తాత గయ యాత్రకు వెళ్ళినప్పుడు ముచ్చటపడి తెచ్చారు. కాలేజీ రోజుల్లో ఒక పుస్తకంలో అచ్చం అలాంటి బొమ్మ చూసి నేను ఇంట్లో చెప్పాను గానీ, శామీర్‌పేటలో మా వాళ్ళెవరూ పట్టించుకోలేదు. వాళ్ళకు ఆమె లక్ష్మే. జానెడు ఎత్తు. ఎడమ కాలు మడిచి, కుడి కాలు పీఠం మీంచి కిందికి జార్చి కూర్చుంటుంది.

ఆ కుడి కాలే మా ఇంటి బెంగ. భూములు పోయిన ఏడు, లక్ష్మీతల్లి లేచి వెళ్ళబోతోందని అవ్వ ఆ కాలిని పసుపు దారంతో పీఠానికి కట్టేసింది. అవ్వ తరవాత అమ్మ కట్టింది. ఏటా శ్రావణంలో, పాతది విప్పకుండా దాని మీదే కొత్త దారం. చీలమండ కనబడనంత ముద్దయింది. వారం వారం పంచామృతాలతో స్నానం చేయించడంతో ఆ ముద్ద ఏనాడూ పూర్తిగా ఆరలేదు.

తొంభైల చివర్లో ఒక వానాకాలం, విగ్రహం కింద ఆకుపచ్చ పొడి కనిపించింది. తుడిచాను. మర్నాడు మళ్ళీ అక్కడే. దారం లోపలినుంచి, కాలి ఇత్తడే పొడై రాలుతోంది. ఆ కాలు నా చిటికెన వేలంత లావు. విరిగితే? విరిగిన విగ్రహాన్ని పూజలో ఉంచరు, చెరువులో కలిపేస్తారు. గడీలో మాకు మిగిలిన రెండు గదుల్లో, వచ్చినవాళ్ళకు తలెత్తుకుని చూపగలిగింది ఆమె ఒక్కతే. నాకు అన్నం సయించలేదు.

"దారం ఇప్పుదామమ్మా," అన్నాను.

"ఇప్పితే పోతది."

"గా కాలు పోయెతందుకు కాదమ్మా. ఎవలికన్న ఆపదొస్తే జల్దీ లేచొచ్చెతందుకు అట్ల వెట్టుకుంటది."

"మనకన్న పెద్ద ఆపద ఎవలికొచ్చిందిరా? ఎన్నడన్న లేచిందా?"

మేడ్చల్‌లో ఇత్తడి పని చేసే ముసలి కంచరి ఉన్నాడు. పనివాళ్ళు మా వాకిట్లోకి రావడమే తప్ప, వాళ్ళ దుకాణం మెట్లు మేము ఎక్కింది లేదు. దారం ముట్టకుండా చూపించడానికైతే అమ్మ ఒప్పుకుంది; ఆ రోజు ఎక్కాం. బస్సులో అమ్మ విగ్రహాన్ని శాలువాలో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. గుంత వచ్చినప్పుడల్లా నా చెయ్యి ఆ కాలు కిందికి పోయింది.

కంచరి ఒక పీట జరిపాడు. నేను నిలబడే ఉన్నాను.

"కూసోండి దొరా, పీట కరవది. మీ తాత మా అయ్యను వాకిట్ల కూసోవెట్టి గంగాళాలకు కళాయి ఏపిచ్చిండు. నేనైతే మిమ్ముల నీడకే కూసోవెడ్తున్న."

కూర్చున్నాను. అతను విగ్రహాన్ని తిప్పి చూసి నవ్వడం మానేశాడు.

"గీ దారం తెంపాలె."

"తెంపొద్దు," అంది అమ్మ.

"అమ్మా, బర్రెకు తలుగు బిగిస్తే పుండైతది. గిది గూడ గంతే. తడి, పసుపు, పుల్లటి పెరుగు, అన్ని లోపల్నే ఉన్నయి. చిలుము వట్టి తినుకుంట పోతాంది."

"తెంపితే ఉంటదా?"

"తెంపకుంటే కాలే ఉండది."

అమ్మ అతని చేతిలోని కత్తెర అందుకోలేదు. గోళ్ళతో ఒక్కో పొర తనే విప్పింది. అడుగుదాకా వచ్చేసరికి ఆమె వేళ్ళు పచ్చబడ్డాయి. కాలి మీద చిన్న చిన్న గుంతలు, సగం లోతు దాకా. కంచరి బొటనవేలితో నెమ్మదిగా ఒత్తాడు. విరగలేదు.

అతను వేపపుల్లతో గుంతల్లోని పొడి గీకాడు. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ నీళ్ళతో కడిగి, ఎండలో పెట్టి, గోరువెచ్చటి మైనం పలచగా రాశాడు. చింతపండు వద్దన్నాడు, నిమ్మకాయ వద్దన్నాడు, అభిషేకం అసలే వద్దన్నాడు. మెత్తటి పొడిగుడ్డ చాలట.

"బాగైనట్టేనా?" అన్నాను.

"జెప్పలేను దొరా. లోపల మిగిలిందా లేదా, వానలల్ల తెలుస్తది. కింద తెల్ల కాయితం వెట్టుండ్రి. పచ్చగ రాల్తే మల్ల తెండ్రి."

ఆ శుక్రవారం నుంచి అమ్మ ఒక వక్కను పళ్ళెంలో పెట్టి, దేవికి పోయాల్సిన పాలూ నీళ్ళూ దాని మీద పోస్తోంది. కొత్త దారం కట్టలేదు. అమ్మకు చూపు ఆనదు కాబట్టి కాగితం చూసే పని నాది. ముసురు పట్టిన రోజుల్లో ముఖం కూడా కడగకుండా వెళ్ళి, కాగితాన్ని కిటికీ వెలుతురుకు పట్టి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూస్తాను.

"రాలిందారా?" అని వంటింట్లోంచి అడుగుతుంది.

"ఇయ్యాల లేదమ్మా," అంటాను.