నాలుగు పొరల బొంత

గత సోమవారం తెల్లవారుతుండగా మా మేనత్త కన్నుమూసింది. ఇక మందులు పనిచేయని రోగులను చివరిదాకా చూసుకునే ఇల్లొకటి నరసన్నపేట శివారులో ఉంది. తను బొంతలు కుట్టి ఇచ్చిన ఆ ఇంట్లోనే, కిటికీ పక్క మంచం మీద పోయింది.

మా ఇంట్లో చదువుకున్నదాన్ని నేనొక్కదాన్నే. నన్ను బడికి పంపమని నాన్నతో దెబ్బలాడింది అత్తే. నేను ఆ ఇంటికి సాయానికి వెళ్తూ, రోగులకు దుప్పట్లు చాలడం లేదని చెబితే, ఆ ఆదివారమే వీధిలో ఆడవాళ్ళను ఐదుగురిని మా అరుగు మీద కూర్చోబెట్టింది. ఉతికిన పాత నేత చీరలు నాలుగు ఒకదాని మీద ఒకటి పరిచి, అంచుల నుంచి మధ్యకు కుట్టుకుంటూ వచ్చేవాళ్ళం. నాలుగు పొరలకు తగ్గితే అత్త ఒప్పుకునేది కాదు.

"ఇది బొంతేటి వదినా, పరుపులాగున్నాది" అనేది పక్కింటి పిన్ని.

"నీ మొగుడి గురక ఆపదు గానీ సలి ఆపుతాది. కుట్టు" అనేది అత్త, దారం పళ్ళతో కొరికి. తరువాత నా వైపు తిరిగేది. "కప్పుకున్నోలు ఏటన్నారే?"

"బాగుందన్నారు."

అది అబద్ధం. కిందటి చలికాలంలో ఒక రోగి కూతురు నన్ను వరండాలోకి పిలిచి, "బొంత బరువుకి అమ్మ కాళ్ళు నొప్పెడతన్నాయంట. మీవోళ్ళకి సెప్పకమ్మా, కష్టపడి కుట్టినారు" అంది. అత్త మొహం చిన్నబోతుందని నేను చెప్పలేదు. ఆ తరువాత ఇంకో మూడు కుట్టాం, నాలుగేసి పొరలతోనే.

ఈ ఏడాది అత్త కడుపులో గడ్డ బయటపడింది. ఎముకలు తేలిపోయాక ఆ ఇంటికే తీసుకువెళ్ళాం. మేం కుట్టిన బొంతే కప్పాను. కాసేపటికి "తీసీయే" అంది.

"సలి లేదేటత్తా?"

"సలే. మొయ్యలేకపోతన్నాను." కళ్ళు మూసుకుంది. "ఇన్నాళ్ళూ ఇదేనేటే అందరికీ కప్పినాం? ఒక్కలూ సెప్పలేదేటి?"

"నాకు సెప్పినారు. నేనే నీకు సెప్పలేదు."

అత్త తిట్టలేదు. తిడితే బాగుండేది. బొంత కుట్టు మీద వేలు పెట్టి, "ఇప్పు. రెండు పొరలు తీసీ. పక్క మంచం ఆవిడది ముందు" అంది.

అత్త కుట్టు దగ్గర దగ్గరగా, బిగువుగా ఉంటుంది. ఒక్కో పోగే కత్తిరించాలి. పక్క మంచం ఆవిడ బొంత అయ్యాక ఇంకొకటి, దాని తరువాత మరొకటి. అన్నీ అత్త మంచం పక్కనే కూర్చుని విప్పాను. అత్త చూస్తూ ఉండేది. తన బొంత ఆఖరున విప్పమంది. సగం విప్పేసరికి వెళ్ళిపోయింది.

మిగతా సగం నిన్న విప్పాను. లోపలి నుంచి తీసిన రెండు చీరలూ ఉతికి దండెం మీద ఆరేశాను. ఈ కొస నుంచి ఆ కొస దాకా వరసలు వరసలుగా సూది బెజ్జాలు. ఉతికినా పూడలేదు.