చిన్నాయన నిలబెట్టిన గోడ

మొన్నటి వానకు మా పెరటి రాతిగోడ ఒక పక్క కూలిపోయింది. నా కొడుకు పొద్దున్నే కూలోళ్ళను పిలుచుకొచ్చి రాళ్ళు ఎత్తించబోతే, "ఆగండప్పా, రెండు దినాలు అట్లే ఉండనీండి" అని అడ్డం పడినాను. మా ఇంటామె నన్ను తిట్టని తిట్టు లేదు. కోళ్ళన్నీ ఆ సందులోంచి పక్కింటోళ్ళ మిరప నారులోకి పోతున్నాయని ఆమె బాధ ఆమెది. నేను మాత్రం కుర్చీ వేసుకుని పడిన రాళ్ళను చూస్తూ కూర్చున్నాను. ఏ రాయి ముందు జారింది, దాని మీద ఏది పడింది అని చూడడం నాకు దుబాయ్‌లో అంటుకున్న జబ్బు. దాన్ని తలుచుకుంటే మా చిన్నాయన గుర్తుకొస్తాడు.

దుబాయ్ అని నోటి మాటకు అంటాం గానీ మేముండింది షార్జా కింద ఉండే కల్బా ఊర్లో. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క పచ్చ గడ్డిపోచ లేని కొండలు. రెండువేల ఐదో ఆరో, సరిగ్గా గుర్తులేదు. మా నాయన తమ్ముడు నాకంటే ముందే అక్కడికి చేరినాడు. కడప పక్క మా ఊర్లలో ఆయనకు మంచి బేల్దారి అని పేరుండేది. మట్టి లేకుండా, సున్నం లేకుండా ఉత్త రాయి మీద రాయి పేర్చి గోడ కట్టేవాడు. గొర్రెల మంద రాసుకుంటూ పోయినా ఒక్క రాయి కదిలేది కాదు. రాయి చేతికి తీసుకున్నాడంటే మళ్ళా కింద పెట్టేవాడు కాదు, దానికి చోటు వెతికి కూర్చోబెట్టాల్సిందే. ఇటుకా సిమెంటూ వచ్చినాక ఆయన్ని పిలిచేవాళ్ళు కరువైనారు. వీసా కాగితంలో బేల్దారి అని రాసినారని తెలిసి మురిసిపోయి విమానం ఎక్కినాడు. తీరా పోయినాక సిమెంటు దిమ్మెలు మోసే పని ఇచ్చినారు. రెండేండ్లు అవే మోసినాడు.

ఆ చలికాలం కంపెనీ మమ్మల్ని ఎనిమిది మందిని ఒక తవ్వకం పనికి పంపింది. కొండ నెత్తిన పాత ఊరు. కూలిన ఇండ్లు, చుట్టూ పెద్ద గోడ, రాతిలో తొలిచిన నీళ్ళ తొట్టి. రెండువేల ఏండ్ల పైమాటే అని తవ్వకాల పెద్ద మేడం చెప్పింది. ఒకనాడు ఒక కూజా పిడి ముక్క దొరికితే, గ్రీకుల దేశం నుంచి పడవలో వచ్చిందని మాకందరికీ చూపించింది. చిన్నాయన దాన్ని అరచేతిలో పెట్టుకుని, "పడవలో వచ్చింది సరే, ఈ కొండ మీదికి ఎవడు మోసినాడో పాపం" అన్నాడు. నిజం చెప్పాలంటే ఆ కొండ మీద మోసినవాని గురించి ఆలోచించింది ఆయనొక్కడే.

ఆ పని మాకు నవ్వులాటగా ఉండేది. అంత బేల్దారి చేతికి గడ్డం గీసుకునే బ్రష్షంత కుంచె ఇచ్చి, పడిపోయిన రాళ్ళ మీద దుమ్ము దులపమన్నారు. దులపాలంతే, కదపకూడదు. మేడం దారాలు కట్టి గళ్ళు చేసి, పడిన రాయి పడినట్టే కాగితం మీద బొమ్మ గీసేది. దినానికి ఒక మంచమంత జాగా కూడా అయ్యేది కాదు. చిన్నాయన ప్రాణం కొట్టుకుపోయేది. కూలిన గోడ పక్కన చేతులు కట్టుకుని కూర్చోవడం ఆయన ఎరగడు.

ఇంటర్ దాకా చదివినానని నన్ను మేడం ఇంగ్లీషు మాటలు మావాళ్ళకు తెలుగులో చెప్పేవాడిగా పెట్టినారు. గుడారం నీడలో కూర్చునే యోగం దానివల్లే పట్టింది, కొంచెం తలకెక్కింది కూడా. ఒకరోజు మేడం పావుగంట చెప్పింది. రాళ్ళు పడిన తీరును బట్టి ఆ ఊరు భూకంపానికి పోయిందా, ఎవరైనా వచ్చి కూలగొట్టినారా తెలుస్తుందట. ఆ ఊరు ఎట్లా చచ్చిందో చెప్పేది ఆ పడిన రాళ్ళేనట, అందుకే ముట్టుకోవద్దని ఒకటికి పదిసార్లు చెప్పింది. నేను మావాళ్ళ వైపు తిరిగి, "ముట్టుకోవద్దంట, ఖలాస్" అన్నాను. పావుగంట మాటలకు నేను చెప్పింది అంతే. చిన్నాయన ఊరుకోలేదు. "బొమ్మ గీసినాక మళ్ళా గోడ నిలబెడతారా అబ్బీ?" అని అడిగినాడు. చలికాలమైనా మిట్టమధ్యాన్నం ఎండ మండిపోతోంది, నాకు విసుగు. "ఆ, నిలబెడతారులే" అన్నాను.

ఆయన వీసా ఇంక రెండు నెలల్లో అయిపోతుంది. ముసలోళ్ళకు మళ్ళా వీసా కొట్టేది లేదని ముదీర్, అంటే మా కంపెనీ మేనేజరు, మొహం మీదే చెప్పినాడు. మేడం ఒక మాట చెబితే వచ్చే చలికాలానికి ఉంచుకుంటారని చిన్నాయన ఆశ. ఊరికి పోతే ఆయన బేల్దారితనం అక్కరైనవాళ్ళు లేరు. గోడలు నిలబెట్టే పని ఈ కొండ మీద రాబోతోందని నా నోటి నుంచే విన్నాడు కదా.

శుక్రవారం మాకు సెలవు. ఆ శుక్రవారం తెల్లవారుజామున నీళ్ళ ట్యాంకరు ఎక్కి ఒక్కడే కొండకు పోయినాడు. జీవితంలో జుమ్మా నమాజు తప్పని మనిషి ఆ దినం తప్పినాడు. పొద్దుగూకేటప్పటికి క్యాంపుకు వచ్చినాడు, వేళ్ళన్నీ తోలు లేచిపోయి ఉన్నాయి, మొహం మాత్రం పెండ్లికొడుకు మొహం. రెండు రొట్టెలు ఎక్కువ తిన్నాడు. ఎక్కడికి పోయినావు చిన్నాయనా అంటే, "రేపు చూస్తువులే" అన్నాడు.

మరుసటి రోజు కొండెక్కి చూస్తే గోడ నిలబడి ఉంది. నడుమెత్తు, రెండు మంచాల పొడవు. పడిన రాళ్ళు ఒక్కటి మిగల్లేదు. సందుల్లో చిన్న రాళ్ళు బిగించి, పైన చదునుగా దిద్ది, అద్దంలా కట్టినాడు. మేడం అరవలేదు. ఆ గోడ ముందర నేల మీద కూర్చుండిపోయింది. గీయాల్సిన బొమ్మలో ఆమె గీసింది ఒక మూలే, చిన్నాయనేమో అంతా అయిపోయిందనుకున్నాడు. చిన్నాయన ఆమె పక్కన నిలబడి, మెచ్చుకుంటుందేమోనని మొహం కేసి చూస్తున్నాడు.

ముదీర్ వచ్చి, ఎవరు కట్టమన్నారో అడగమని నాకు చెప్పినాడు. అడిగినాను. చిన్నాయన నా వైపు చూసినాడు. గోడ నిలబెడతారని నేను చెప్పింది ఉత్త మాటని అప్పటికి ఆయనకు అర్థమైపోయింది. నా వీసా కూడా ఆ ముదీర్ చేతిలోదే. "ఎవరూ చెప్పలేదు, నేనే కట్టినా అని చెప్పు అబ్బీ" అన్నాడు. నేను ఒక్క మాట వదలకుండా చెప్పినాను. ఆ కొండ మీద నేను పూర్తిగా తర్జుమా చేసింది అదొక్కటే.

వారం తిరక్కుండా ఆయన్ని పంపించేసినారు. గోడను విప్పే పని నాకూ ఇంకో ఇద్దరికీ పడింది. రెండు దినాలు పట్టింది. ఒక్కో రాయి పక్క రాయిని పట్టుకుని వదిలేది కాదు. అయిన తర్వాత అదొక రాళ్ళ కుప్ప. మేడంకు పనికిరాదు, ఎవరికీ పనికిరాదు.

రెండో ఏడు నేను సెలవు మీద ఊరికి వచ్చినాను. చిన్నాయన మంచంలో ఉన్నాడు. వచ్చినప్పటి నుంచి సుత్తి పట్టలేదని మా చిన్నమ్మ చెప్పింది. నన్ను దగ్గరికి పిలిచి, ఆయన అడిగింది ఒక్కటే. "ఆ గోడ ఉందా అబ్బీ, పీకేసినారా?"

"ఉంది చిన్నాయనా. అట్లే పెట్టినారు. చూసేదానికి జనం వస్తాన్నారు."

ఆయన తల ఆడించినాడు. నమ్మినాడో, కొండ మీద నన్ను కాపాడినట్టే మళ్ళా ఒకసారి కాపాడినాడో నాకు తెలియదు. నేను తిరిగి విమానం ఎక్కిన నెలకే పోయినాడు.

కొండ మీద ఊరు ఎట్లా కూలిందో తెలుసుకోవడానికి మేడంకు దారాలూ కాగితాలూ ఎన్నో చలికాలాలూ కావాల్సి వచ్చినాయి. మా చిన్నాయన ఎట్లా కూలినాడో చెప్పడానికి నాకు అవేం అక్కర్లేదు. ఆ శనివారం పొద్దున నేను ఆయన పక్కనే ఉన్నాను.